మాక్రోను విప్పి చూచుట

‘భరనభభరవ’ యను నేడక్షరములు మన ప్రాంతమున పద్యము చదువుకొన్నవారందఱికిని తెలిసినవే. భ యనగా ముందొక గురువు, వెనుక రెండు లఘువులు. ర యనగా నడుమ లఘువు, ఇరుప్రక్కల గురువులు. న యనగా మూడును లఘువులే. తుదనున్న వ యనగా ఒక లఘువును ఒక గురువును. ఈ యేడక్షరములను విప్పినచో ఇరువది యక్షరముల ఉత్పలమాల పాదము యొక్క నడక బయటపడును. తెలిసినవాడు ఏడక్షరములనే జ్ఞాపకముంచుకొనును. పాదము తప్పినదేమో యని సందేహము కలిగినప్పుడు మాత్రము గురులఘువులను వరుసగా గుర్తించి సరిచూచుకొనును. బడిలో తెలుగు పంతులుగారు గణవిభజన చేయుమని మనచేత వేయించిన గుర్తులన్నియు ఈ విప్పి చూచు పనియే.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారును ఇట్టి సంకేతములను వాడుదురు. వానికి మాక్రోలని పేరు. ఒక చిన్న పేరు పెట్టి దాని వెనుక పెద్ద పాఠమును దాచియుంచుదురు; ఆ పేరు కనబడిన ప్రతిచోటను యంత్రమే ఆ పాఠమును తెచ్చి యుంచును. మాక్రోల స్వరూపమింతియే. నేడు నేను చెప్పదలచినది వీనిని వ్రాయుటను గూర్చియు, అంతకంటె ముఖ్యముగా, వ్రాసిన పిమ్మట వీనిని విప్పి చూచు సాధనములను గూర్చియు.

ఇది మన కర్నూలు, కడప సీమలకు దూరపు సంగతి యని శ్రోతలు తలపవలదు. ఇడుపులపాయలో 2008వ సంవత్సరమున ట్రిపుల్ ఐటీ వెలసినది. కర్నూలు ప్రక్కన జగన్నాథగట్టుపై మఱియొక జాతీయ విద్యాసంస్థ కలదు. ఇవి గాక ఇంజనీరింగు కళాశాలలు పలుచోట్ల నున్నవి. వీనిలో చేరిన పిల్లలలో పెక్కండ్రు మొట్టమొదట నేర్చునది సీ భాష. ఆ భాషలో ముప్పది పంక్తుల ప్రోగ్రాము వ్రాసిన బాలికకు ఒక్కొకప్పుడు కంపైలరు ఒక విచిత్రమైన మాట చెప్పును: తప్పు నూటయేబదవ పంక్తిలో నున్నదట! ఆమె వ్రాసినవి ముప్పదియే. నూటయేబదవ పంక్తి ఆమె యెన్నడును తెఱచి చూడని వేఱొక ఫైలులోనిది. అచ్చటి మాక్రో ఒకటి ఆమె ప్రోగ్రాములో విప్పుకొని, ఆమెకు తెలియకుండ ఆమె పేర మాటలు వ్రాసినది. ఇట్టి సమయమున పిల్లలు చేయుపనిని నేను పలుమార్లు చూచితిని. ఒక బ్రాకెటును తీసివేయుదురు, ఒక సెమికోలనును చేర్చుదురు, రెంటిని మరల మార్చుదురు. తెలుగు మాధ్యమమునుండి వచ్చినవారైనచో, తప్పు తమ యింగ్లీషులో నున్నదని నమ్మి మిన్నకుందురు. తప్పు ఇంగ్లీషులో లేదు. తమ కంటికి కనబడని పాఠమును గూర్చి యంత్రము మాటలాడుచున్నదని వారికెవరును చెప్పలేదు, అంతే.

ఆ పాఠము ఎట్లు పుట్టునో ముందు చూతము. సీ, సీ ప్లస్ ప్లస్, రస్ట్ మొదలగువానిని సిస్టమ్సు ప్రోగ్రామింగు భాషలందురు. యంత్రమునకు మిక్కిలి దగ్గరగా నుండు పనులకు, అనగా ఆపరేటింగు సిస్టములకు, మోటారును ఆపి నడుపు చిన్న చిప్పులకు, ఈ భాషలనే వాడుదురు. అట్టిచోట్ల ఒక్క క్షణమును, ఒక్క బైటును వ్యర్థము చేయరాదు. మాక్రో ప్రోగ్రాము నడచుటకు ముందే విప్పబడును గావున, పేరు పెట్టుకొనినందులకు నడచువేళ ప్రత్యేకముగా చెల్లింపవలసిన సుంకము లేదు. వీరికి మాక్రోలపై మక్కువ కలుగుటకు ఇది మొదటి కారణము.

సీ భాషలో ఈ పని చేయునది ప్రీప్రాసెసరు. అది కేవలము లేఖకుడు. తాళపత్రములకు ప్రతులు వ్రాసిన పూర్వపు లేఖకులవలె, ఎదుట నున్నదానిని అర్థముతో నిమిత్తము లేక దింపుచుండును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820 తరువాతి దశకమున కడపలో నుండినప్పుడు, పండితులను లేఖకులను జీతమిచ్చి పోషించి, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, వానిని ఒకదానితో నొకటి పోల్చి చూపించెను. ప్రతి వ్రాయుట ఒక పని, వ్రాసినదానిని సరిచూచుట వేఱొక పని యని ఆయన యెఱుగును. మాక్రోల విషయమున మొదటి పనిని యంత్రము చేయును. రెండవది మనకు మిగిలియున్నది.

ఒక లెక్కతో చెప్పెదను. బేతంచెర్లలో బండలమ్ము వర్తకుడొకడు చదరపు బండల వైశాల్యమును లెక్కించుటకు చిన్న ప్రోగ్రాము వ్రాయించెననుకొందము. అందులో ‘చదరము’ అను మాక్రో కలదు. బ్రాకెట్లలో భుజమును ఇచ్చినచో, ‘భుజము × భుజము’ అని వ్రాయవలెనని దాని నియమము. మూడు అని యిచ్చినచో 3 × 3, అనగా తొమ్మిది చదరపుటడుగులు. సరిగానే యున్నది. ఒకనాడు కొనుగోలుదారు రెండడుగుల బండకు బదులు ఒక యడుగు పెద్దది కోరెను. గుమాస్తా బ్రాకెట్లలో ‘2 + 1’ అని వ్రాసెను. లేఖకుడు కూడిక చేయడు, ఉన్నదున్నట్లు దింపును. వచ్చిన పాఠము ‘2 + 1 × 2 + 1’. గుణకారము ముందు చేయవలెనను నియమముచే ఫలితము అయిదు! తొమ్మిదడుగుల బండ అయిదడుగుల వెలకు పోయినది. మాక్రోను ఎంతసేపు చూచినను తప్పు కనబడదు. గుమాస్తా వ్రాసిన పంక్తిని చూచినను కనబడదు. విప్పిన పాఠమును చూచినచో బడిపిల్లవాడును పట్టుకొనగలడు. నియమములో ఒక్కొక్క భుజము చుట్టును బ్రాకెట్లు వేయుట దీనికి మందు.

బ్రాకెట్లకు లొంగని వ్యాధి మఱియొకటి యున్నది. ఎఱ్ఱగుంట్లలో సిమెంటు లారీలను తూచు కాటా నొకదానిని తలచుకొనుడు. ‘చిన్నది’ అను మాక్రోకు రెండు విలువలిచ్చినచో రెంటిలో తక్కువదానిని తెలుపవలెను. దాని నియమము: మొదటిది రెండవదానికంటె తక్కువైనచో మొదటిది, కానిచో రెండవది. ఇప్పుడు మొదటి విలువగా ‘తరువాతి లారీ తూకము’ అనియు, రెండవ విలువగా 40 టన్నుల పరిమితియు ఇచ్చితిమి. విప్పిన పాఠములో ‘తరువాతి లారీ తూకము’ అను మాట రెండుమార్లు వచ్చును. మొదటిమారు 38 టన్నుల లారీ తూగినది. అది 40 కంటె తక్కువే. అయినచో మొదటిదానినే యిమ్మని యున్నది గావున మరల తూచును. ఈమారు కాటా మీదికి వచ్చినది మఱియొక లారీ, 46 టన్నులు. 40 కంటె మించరాని సమాధానము 46 అయి కూర్చున్నది! పైగా నడుమ ఒక లారీ లెక్కకే రాకుండ దాటిపోయినది. దీనినిగూడ విప్పి చూచినప్పుడే కనుగొందుము.

విప్పుట యెట్లు? జీసీసీ, క్లాంగ్ అను కంపైలర్లు రెండును హైఫను తరువాత కాపిటలు ‘ఈ’ అను సంకేతమిచ్చినచో, ప్రీప్రాసెసరు వఱకు పని చేసి ఆగి, విప్పిన పాఠమును మన ముందు పెట్టును. మొదటిసారి చూచినవాడు బెదరిపోవును. పది పంక్తుల ప్రోగ్రామునకు కొన్ని వందల పంక్తులు వచ్చును. మనము పైన చేర్చిన ఫైలులన్నియు అందు విప్పబడి యుండుటయే కారణము. బెదరవలసిన పని లేదు. మనము వ్రాసినది అడుగున నుండును. క్రిందినుండి పైకి చదువవలెను. అంతకంటె మంచి యుపాయము, అనుమానమున్న మాక్రో నొక్కదానిని చిన్న ఫైలులో వేఱుగా వ్రాసి, ఇతర ఫైలులను చేర్చకుండ విప్పుట. నేను విద్యార్థులకు మొదట చేయించునది ఇదియే. కాపిటలు ‘పీ’ కూడ చేర్చినచో నడుమనడుమ వచ్చు పంక్తుల గుర్తులు తొలగి పాఠము శుభ్రముగా కనబడును. ప్రోగ్రాము నడచుచుండగా పరీక్షించు జీడీబీ యను సాధనమున ‘మాక్రో ఎక్స్‌పాండ్’ అను ఆజ్ఞ కలదు. అయితే కంపైలు చేయునపుడు ‘జీ త్రీ’ అను సంకేతము నిచ్చియుండవలెను. లేనిచో మాక్రోల పేరులు అప్పటికే మాసిపోయియుండును.

మాక్రోలు నిన్న మొన్న పుట్టినవి కావు. అసెంబ్లీ భాషల నాటినుండి యున్నవి. 1960లో అమెరికాలోని బెల్ లాబరేటరీలకు చెందిన డగ్లస్ మెకిల్రాయ్ ఉన్నతభాషలకును ఇవి యెట్లు తగునో చూపుచు వ్యాసము ప్రకటించెను. సీ భాషకు ప్రీప్రాసెసరు 1973 ప్రాంతమున చేరినది. తొలుత అది ఫైలులను చేర్చుటకును, ఆర్గ్యుమెంట్లు లేని చిన్న మాక్రోలకును మాత్రమే. బ్రాకెట్లతో ఆర్గ్యుమెంట్లు ఇచ్చు వీలు తరువాత వచ్చినది. ఇంటికి వెనుక చేర్చిన వసారాయే ముఖద్వారమైనట్లు, కొన్నాళ్లకు అది లేని సీ ప్రోగ్రామే లేకపోయెను.

ఇంతటి యనుభవమున్న పెద్దలకును విప్పి చూచిననే గాని తెలియని సంగతి యొకటి 2024లో జరిగినది. లినక్సు కెర్నలు పేరు వినియుందురు. మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులన్నియు దానిపై నడచునవే. ఆ కెర్నలును కంపైలు చేయుటకు కాలము ఎక్కువ పట్టుచున్నదేమని వెదకగా, ఒకానొక ఫైలులోని ఒక్క వాక్యము విప్పినప్పుడు 47 మెగాబైట్ల పాఠమగుచున్నదని తేలినది. అనగా నాలుగు కోట్ల డెబ్బది లక్షల యక్షరములు. పుటకు రెండువేల యక్షరముల చొప్పున అచ్చువేసినచో మూడువందల పుటల పుస్తకములు డెబ్బదికి పైబడును! మూలమున నున్నది ఒక్క వాక్యమే. అది చేయవలసిన పనియు మనము ఇప్పుడు చెప్పుకొన్నదే: కొన్ని విలువలలో తక్కువదానిని తెలుపుట.

ఇట్లెందుకైనది? కాటా దగ్గఱ మనము చూచిన తప్పు జరుగకుండునట్లును, వేఱువేఱు జాతుల సంఖ్యలను పోల్చకుండునట్లును ‘చిన్నది’ మాక్రోలో కాపలాలు పెట్టుచు వచ్చిరి. ఒక్కొక్క కాపలాకు ఆర్గ్యుమెంటును మఱియొకసారి వ్రాయవలసి వచ్చెను. ఒక మాక్రో తన యార్గ్యుమెంటును పదిమార్లు వ్రాయుననుకొనుడు. దాని లోపల అట్టిదే మఱియొకటి యుంచినచో నూఱు మార్లు. మూడవది యుంచినచో వేయిమార్లు. ఆ వాక్యమున ఒకదాని లోపల నొకటి ఇట్లే అమర్చి యుండెను. జాగ్రత్తకై చేసిన పనులన్నియు మంచివే. వాని గుణకారఫలమును మాత్రము ఎవరును చూడలేదు. ఆ యేటనే లైనస్ టోర్వాల్డ్స్ ఆ మాక్రోలను తేలికపఱచెను.

పేరుల చిక్కు వేఱు. కాటా వ్యాధికి మందేమనగా, తూకమును ఒక్కసారి తూచి ‘త’ అను చరరాశిలో దాచి, పిమ్మట దానినే వాడుట. బాగుగనే యున్నది. కాని మాక్రోను వాడువాడు తన చరరాశికిని ‘త’ అనియే పేరు పెట్టియున్నచో? విప్పిన పాఠములో ‘త’కు ‘త’ విలువ నిమ్మని వచ్చును. లోపలి ‘త’ తనకు తానే విలువ నిచ్చుకొని, ఏ చెత్త సంఖ్యనో చూపును. మన సీమలో ఒక్క యూర పదుగురు ఓబులేసులుందురు. ఓబులేసుకు ఈ యుత్తరమిమ్మన్నచో తపాలా జవాను నిలిచిపోవును. ఇంటిపేరు చెప్పినగాని పని జరుగదు. మాక్రోలోని పేరులకు యంత్రమే రహస్యముగా ఇంటిపేరులు తగిలించి, వాడువాని పేరులతో కలియకుండ చూచు పద్ధతిని 1986లో కోల్బెకర్, ఫ్రీడ్మన్, ఫెలైసెన్, డూబా అను నలుగురు వివరించిరి. దానికి ‘హైజీను’, అనగా శుచి, అని పేరుపెట్టిరి. మడి కట్టుకొన్న మాక్రో యనవచ్చును.

2015లో మొదటి స్థిరరూపము వెలువడిన రస్ట్ భాష ఈ మడిని కొంతవఱకు పాటించును. అందలి నియమరూప మాక్రోలలో స్థానిక చరరాశులు ఒకదానితో నొకటి కలియవు. పైగా అచ్చటి మాక్రో ఊరక అక్షరములను దింపునది కాదు. తనకిచ్చినది ఒక సమాసమా, ఒక పేరా, ఒక జాతియా యని గుర్తించి గ్రహించును. కావున బేతంచెర్ల లెక్క రస్ట్‌లో తప్పదు: ‘2 + 1’ ఒక్క ముద్దగానే లోపలికి పోవును. కాటా కథ మాత్రము ఇక్కడను జరుగవచ్చును. ఆర్గ్యుమెంటును రెండుచోట్ల వ్రాసినచో రెండుమార్లు తూచుట తప్పదు.

రస్ట్‌లో రెండవ తెగ మాక్రోలు ప్రక్రియారూపములు. ఇవి నియమములు కావు, నిజమైన ప్రోగ్రాములే. మన పాఠమును మాటలు మాటలుగా గైకొని, తమకు తోచిన క్రొత్త పాఠమును మరల నిచ్చును. వీనిని వ్రాయుటకు ‘సిన్’, ‘కోట్’ అను రెండు సంచికలు దాదాపు అందఱకును ఆధారము. మొదటిది వచ్చిన పాఠమునకు అన్వయము చెప్పును. రెండవది పోవు పాఠమును కూర్చును. వానిని రచించిన డేవిడ్ టోల్నే యే ‘కార్గో ఎక్స్‌పాండ్’ అను సాధనమునుగూడ చేసెను. సీకి కాపిటలు ‘ఈ’ యెట్లో రస్ట్‌కు ఇది యట్లు. ఒక నిర్మాణముపై ‘డిరైవ్ డీబగ్’ అని రెండు మాటలు వ్రాసి దీనితో విప్పి చూడుడు. మనకై యంత్రము వ్రాసిపెట్టిన పూర్తి పాఠము కనబడును. ఎడిటరులోనే, కర్సరున్న మాక్రోను అక్కడికక్కడ విప్పు వసతి రస్ట్ ఎనలైజరునందు కలదు. చిన్న పనులకు నాకు అదియే నచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. కార్గో ఎక్స్‌పాండ్ చూపునది అక్షరరూపము మాత్రమే. యంత్రము రహస్యముగా తగిలించిన ఇంటిపేరులు ఆ యక్షరములలో కనబడవు. కావున విప్పిన పాఠమును తిరిగి కంపైలు చేసినచో పనిచేయవలెనను నియమము లేదు. పనిచేసినను మూలమువలెనే నడచునని నమ్మరాదు. దాని కర్తలే ఈ మాట స్పష్టముగా వ్రాసియుంచిరి. చదువుటకు మాత్రమే ఆ పాఠము.

ప్రక్రియారూప మాక్రో నిజమైన ప్రోగ్రామని చెప్పితిని. ఆ మాటలో మఱియొక సంగతి యిమిడి యున్నది. మనము వ్రాసినది ఇంకను నడువకముందే, కంపైలు చేయుచుండగనే, ఆ మాక్రో మన యంత్రముపై నడచును. ఎవరో వ్రాసినదానిని మన యింటిలో మన యధికారముతో నడువనిచ్చుచున్నాము. 2023లో సెర్డే యను బహుప్రచారము గల సంచికలోని మాక్రోను, కంపైలు కాలము తగ్గించుటకై, కొన్ని లినక్సు యంత్రములకు ముందే కంపైలు చేసిన రూపమున పంపిరి. మూలపాఠమునుండియే అది పుట్టినదని మేమెట్లు సరిచూచుకొందుమని వాడువారు పలువురు ఆక్షేపించిరి. ఆ యాగస్టులోనే ఆ యేర్పాటును ఉపసంహరించిరి. కాలము కలిసివచ్చుమాట నిజమే. అయినను ఆక్షేపించినవారి పక్షమే సరియని నా యభిప్రాయము.

ఇక వ్రాయుటను గూర్చి. ఒక ఫంక్షనుతో పని తీరునపుడు మాక్రో వ్రాయరాదు. జిగ్ అను భాష మాక్రోలను బొత్తిగా త్రోసిపుచ్చి, సాధారణమైన ప్రోగ్రామునే కంపైలు వేళ నడుపు మార్గమును పట్టినది; ఆ మొండితనము నాకు వింతగా తోచదు. మాక్రోయే కావలసి వచ్చినచో, దానిని ముందు వ్రాయక, అది విప్పుకొన్న పిమ్మట ఎట్లుండవలెనో ఆ పాఠమును రెండు మూడు మారులు చేతితో వ్రాయుడు. వానిలో మాఱనిది మాక్రో, మాఱునవి ఆర్గ్యుమెంట్లు. పిమ్మట విప్పు సాధనముతో చూచి, చేతివ్రాతతో పోల్చుడు.

వాడువాడు తప్పు చేసినప్పుడు ఏ పంక్తిని వ్రేలితో చూపవలెనో గూడ మాక్రో వ్రాసినవాడే నిర్ణయింపవలెను. రస్ట్‌లో ప్రతి మాటకును అది ఎచ్చటినుండి వచ్చినదో తెలుపు గుర్తుండును. దానికి ‘స్పాన్’ అని పేరు. క్రొత్త పాఠమును కూర్చునపుడు వాడువాని మాటకున్న స్పాను నిచ్చినచో, తప్పు వాని పంక్తిలోనే, వాని మాట క్రిందనే కనబడును. ‘ట్రైబిల్డ్’ అను పరీక్షాసాధనము, తప్పు ప్రోగ్రాములను కావలెననియే యిచ్చి, కంపైలరు చెప్పు మాటలు మనము కోరినట్లున్నవో లేవో పోల్చి చూపును. ముప్పది పంక్తులు వ్రాసి నూటయేబదవ పంక్తిలో తప్పున్నదని చెప్పించుకొన్న బాలికకు ఇంగ్లీషు పాఠములకంటె ఈ సాధనము చేయు మేలు పెద్దది.

జీసీసీ యున్నచోట కాపిటలు ‘ఈ’కై వేఱుగా దేనిని తెచ్చుకొననక్కఱలేదు. కార్గో ఎక్స్‌పాండును మాత్రము ఒకసారి ఇంటర్నెట్టు ద్వారా దింపుకొనవలెను. ప్రోగ్రామునకు కావలసిన సంచికలుగూడ దిగి యున్నచో, పిమ్మట నెట్టు లేకున్నను అది పనిచేయును. పల్లెలనుండి వచ్చు విద్యార్థులు సెలవులకు ఊరికి పోవుటకు ముందు, కళాశాలలో నెట్టు బాగుగ నున్న దినముననే, ఈ రెంటిని దింపుకొని పోవుట మంచిది.